డాక్ కార్డు కొనే ముందు మీ సిగ్నల్ ఏంటో కాగితం మీద పెట్టండి

రేణిగుంట ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో, శ్రీసిటీలో టెస్టింగ్ పనిచేసే మన కుర్రాళ్లు తరచూ అడుగుతుంటారు, "అన్నా, డేటా అక్విజిషన్ కార్డు ఏది తీసుకోమంటావ్?" అని. దీన్నే డాక్ కార్డు అంటాం, వోల్టేజీల్ని కొలిచి కంప్యూటర్‌కి అంకెలుగా పంపే పరికరం. ఏం కొలవాలి అంటే "వోల్టేజీ, కరెంటు అన్నా" అంటారు, అక్కడితో ఆగిపోతారు. ఆ రెండు మాటలే పట్టుకుని చెన్నై డీలర్‌కి ఫోన్ చేస్తే ఆయన తన దగ్గర స్టాకున్నదే చెప్తాడు, ఇంకేం చేస్తాడు?

ఒక చార్జర్ బోర్డు తీసుకోండి. 0.1 ఓం షంట్‌లో (కరెంటు కొలవడానికి దాని దారిలో పెట్టే చిన్న రెసిస్టర్) అర ఆంపియర్ పోతే దాని మీద వచ్చేది 50 మిల్లీవోల్టులు. ప్లస్ మైనస్ 10 వోల్టుల రేంజిలో 12 బిట్ల కార్డుకి ఒక్కో మెట్టు, అంటే అది గుర్తుపట్టగల అతి చిన్న తేడా, దాదాపు 4.9 మిల్లీవోల్టులు. అంటే మీ కరెంటు మొత్తం పది మెట్లలో అయిపోయింది, ఒక్క మెట్టు అటూ ఇటూ అయితే పది శాతం తేడా. దాన్ని చూసి బోర్డు పాస్ అని సంతకం ఎలా పెడతారు? 16 బిట్లయితే మెట్టు 0.3 మిల్లీవోల్టులే, నిజమే, కానీ మెట్టు చిన్నదైనంత మాత్రాన రీడింగు కరెక్ట్ అయిపోదు. డేటాషీట్ లోపలి పేజీల్లో, ఏ రేంజిలో ఎన్ని మిల్లీవోల్టుల తప్పు రావచ్చో పట్టిక ఉంటుంది, చూడాల్సింది దాన్ని. చిన్న రేంజి లేకపోతే కార్డుకి ముందు ఒక యాంప్లిఫయర్ పెట్టుకోవాలి.

ఇక స్పీడ్. సెకనుకు లక్ష శాంపిళ్లు (రీడింగులు) అని పెద్దక్షరాల్లో వేస్తారు, చాలా కార్డుల్లో అది ఛానళ్లన్నిటికీ (సిగ్నళ్లు తగిలించే ఇన్‌పుట్‌లు) కలిపి. లోపల వోల్టేజీని అంకెగా మార్చే కన్వర్టర్ ఒకటే ఉంటుంది, అది ఒక్కో ఛానల్‌నీ వరసగా చదువుకుంటూ పోతుంది. ఎనిమిది ఛానళ్లు వాడితే ఒక్కోదానికి 12,500 మాత్రమే. ఇక్కడే నాకు బాగా కోపం తెప్పించే తంటా ఇంకోటి ఉంది. ఒక ఛానల్ మీద 9 వోల్టులు, పక్క ఛానల్‌కి పెద్ద రెసిస్టర్లతో చేసిన డివైడర్ (వోల్టేజీని తగ్గించే జత) ఉందనుకోండి, మొదటిదాని చార్జి పూర్తిగా దిగిపోకముందే రెండోది చదివేస్తుంది, పక్కవాడి వోల్టేజీ కొంత వీడి లెక్కలో పడుతుంది. బోర్డులో లోపం ఉందనుకుని మంచి బోర్డుని రిజెక్ట్ చేస్తారు. స్కాన్ స్పీడ్ తగ్గించండి, లేదా డివైడర్ తర్వాత ఆప్‌యాంప్ బఫర్ (వోల్టేజీ మార్చకుండా సిగ్నల్‌కి బలమిచ్చే సర్క్యూట్) పెట్టండి.

రిపిల్ (డీసీ మీద మిగిలే చిన్న అలలు) కూడా ఈ కార్డుతోనే చూస్తాం అనేవాళ్లకి ఒక మాట. చార్జర్ లోపలి 65 కిలోహెర్ట్జ్ స్విచింగ్‌ని సెకనుకు 50 వేల శాంపిళ్లతో తీస్తే 15 కిలోహెర్ట్జ్ దగ్గర లేని సిగ్నల్ కనబడుతుంది. అలా ఒకసారి కలిసిపోయాక ఏ సాఫ్ట్‌వేర్ ఫిల్టరూ దాన్ని విడదీయలేదు. రిపిల్‌కి ఆసిలోస్కోప్ వాడండి.

డబ్బుల కంటే ముఖ్యమైనది ఇంకోటి. చార్జర్ ప్రైమరీ వైపు (గోడ ప్లగ్గుకి కలిసే వైపు) 230 వోల్టులు రెక్టిఫై అయ్యాక దాదాపు 325 వోల్టుల డీసీ ఉంటుంది. ఐసొలేషన్ (ఇన్‌పుట్‌కీ కంప్యూటర్‌కీ మధ్య కరెంటు పోకుండా విడదీసే ఏర్పాటు) లేని యూఎస్‌బీ కార్డుని అక్కడ తగిలిస్తే కార్డు, లాప్‌టాప్ పోవడం చిన్న విషయం, మనిషికే ప్రమాదం. డిఫరెన్షియల్ ఇన్‌పుట్ (రెండు వైర్ల మధ్య తేడాని కొలిచేది) ఉంది కదా అని ధైర్యం చేయొద్దు, రెండు వైర్లూ గ్రౌండ్ నుంచి కార్డు తట్టుకునే వోల్టేజీ లోపలే ఉండాలి. ప్రైమరీ కొలవాలంటే ఆ వోల్టేజీకి రేటింగ్ ఉన్న ఐసొలేటెడ్ ప్రోబ్ తీసుకోండి, అందులో బేరం ఆడకండి.

డెమో అడగండి, అది మీ హక్కు. ఒక ఛానల్‌కి 9 వోల్టుల బ్యాటరీ పెట్టి, మైనస్‌ని కార్డు గ్రౌండ్‌కి కలపండి. పక్క ఛానల్‌ని లక్ష ఓంల రెసిస్టర్‌తో అదే గ్రౌండ్‌కి వేసి ఫుల్ స్పీడ్‌లో చదవండి. అక్కడ సున్నా దగ్గరే రావాలి. రాకపోతే ఏ స్పీడ్‌లో వస్తుందో డీలర్ ఎదుటే చూసి, ఆ నంబరు కొటేషన్ మీద రాయించుకోండి.