ఇంటిపేరు ఏ గడిలో పెట్టాలి?

బడి తెరవడానికి ఇంకా 10 రోజులే ఉంది. ఈలోగా 600 మంది పిల్లల వివరాలు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాలట. ఎక్కించేది ఎవరు? ఇంకెవరు, లెక్కల మాస్టారు! కంప్యూటర్‌కీ లెక్కలకీ చుట్టరికం ఉందని ఎవరో చెప్పినట్టున్నారు.

పాత ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే 12 అంకెల ఆధార్ నంబర్లన్నీ మధ్యలో ఇంగ్లిషు ‘ఈ’ అక్షరం పెట్టుకుని కురచైపోయాయి. జూన్ 3న పుట్టిన పిల్ల మార్చి 6న పుట్టింది. ఇక పేర్లు! అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, జనన ధ్రువపత్రంలో అసలు లేనే లేదు. ‘లక్ష్మి’కి ఇంగ్లిషులో ఎక్స్ పెట్టాలా, కెఎస్‌హెచ్ పెట్టాలా అని తల్లిని అడిగితే ‘మీ ఇష్టం సార్’ అంటుంది. నా ఇష్టమేమిటమ్మా? ఆధార్‌తో ఒక్క అక్షరం తేడా వస్తే రేపు పిల్లకి అపార్ నంబరు (విద్యార్థులకిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) రాదు!

శిక్షణ ఇచ్చారా? ఇచ్చారు, 40 నిమిషాలు. అందులో సగం ప్రొజెక్టర్ వెతకడానికే సరిపోయింది. ‘అంతా అదే చూసుకుంటుంది సార్’ అన్నాడు కంపెనీ కుర్రాడు. మరి పాత ఫీజు బకాయిలు? ‘అవి మాత్రం మీరే ఎక్కించాలి.’

అన్నట్టు, రక్తం గ్రూపు గడి ఖాళీగా వదిలితే పేజీ ముందుకు కదలదు. నిన్నటి నుంచి సగం బడి ఓ పాజిటివ్.