ఉలిపికట్టెకే ఓటు

2019 జులై ఆఖర్లో డెట్రాయిట్ నుంచి ఒక బస్సు బయల్దేరి, నది దాటి, కెనడాలోని విండ్సర్‌లో ఒక మందుల షాపు దగ్గర ఆగింది. దిగినవాళ్లు షుగర్ పేషెంట్లు, వాళ్ల ఇంటివాళ్లు. అమెరికాలో అప్పట్లో 340 డాలర్లు పలికిన ఇన్సులిన్ సీసా వాళ్లకు అక్కడ 30 డాలర్లకు దొరికింది. మందు అదే. అవతలి ఒడ్డున ప్రభుత్వం ధర మీద పట్టు వదల్లేదు, ఇవతలి ఒడ్డున కంపెనీ చెప్పిందే ధర. ఇంకో విడ్డూరం ఏమిటంటే, 1920లలో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లు తలా ఒక్క డాలరు పుచ్చుకుని పేటెంటును విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు.

ఆ బస్సును వెంటబెట్టుకు వెళ్లిన పెద్దమనిషి వెర్మాంట్ సెనేటర్ బెర్నీ శాండర్స్. ఇది 2020 ఫిబ్రవరి ఆఖరు. వచ్చే మంగళవారం, మార్చి 3న, 14 రాష్ట్రాల్లో డెమొక్రటిక్ పార్టీ ప్రైమరీలు, అంటే అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే పోలింగు, జరుగుతాయి. అభ్యర్థిని ఖరారు చేసే డెలిగేట్లలో (ప్రతినిధుల్లో) మూడో వంతు ఆ ఒక్క రోజే తేలిపోతారు. ట్రంప్ మీద పోటీకి ఆ పార్టీ శాండర్స్‌నే నిలబెట్టాలని మా అభిప్రాయం.

పరాయి దేశం పార్టీ గొడవలో తెలుగు పత్రికకు ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. టెక్సస్‌లో ఇర్వింగ్, ఫ్రిస్కో, నార్త్ కరోలినాలో కేరీ, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, సన్నీవేల్. మంగళవారం ఓటేసే ఊళ్లలో ఇవీ ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఆ దేశంలో 2017 నాటికే 4 లక్షలు దాటారు. వాళ్లలో హెచ్-1బీ మీద ఉన్న కుటుంబానికి ఉద్యోగం పోవడమంటే ఏమిటో మన ఊళ్లలో కూర్చున్న అమ్మానాన్నలకు కూడా తెలుసు. 60 రోజుల్లో కొత్త కంపెనీ దొరక్కపోతే వీసా చిక్కు. ఇన్సూరెన్స్ మాత్రం అన్నాళ్లు కూడా ఆగదు. పాత పాలసీ నిలబెట్టుకోవాలంటే కంపెనీ కట్టే వాటా కూడా కలిపి చేతి డబ్బుతో కట్టుకోవాలి. ఆ వెసులుబాటు ఇచ్చే చట్టాన్ని అక్కడ ‘కోబ్రా’ అంటారు. పేరు ఊరికే కుదరలేదు.

జబ్బుకు, జీతానికి మధ్య ఉన్న ఈ ముడిని తెంచేస్తానంటున్న అభ్యర్థి శాండర్స్. 65 ఏళ్లు దాటినవాళ్లకు 1965 నుంచీ మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది. దాన్ని నాలుగేళ్లలో దేశంలో నివసించే అందరికీ విస్తరించాలన్నది ఆయన బిల్లు. అమెరికా తన స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు 18 శాతం వైద్యానికే ఖర్చు పెడుతోంది. అయినా 2018లో 2.75 కోట్ల మందికి ఏ ఇన్సూరెన్సూ లేదు. ఇప్పుడు కరోనా వైరస్ అక్కడా అడుగుపెట్టింది. జ్వరం వచ్చిన హోటల్ కార్మికుడు పరీక్షకు వెళ్లాలా వద్దా అని జేబు తడుముకుంటాడు. జీతంతో కూడిన సిక్ లీవ్ ఇచ్చి తీరాలని చెప్పే ఫెడరల్ చట్టమే లేదు కాబట్టి, ఒళ్లు కాలుతున్నా పనిలోకే వెళ్తాడు.

మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. దాని లోపాలు, ఆస్పత్రుల బకాయిల గొడవలు మేమే ఎన్నోసార్లు రాశాం. కానీ పేదవాడి ఆపరేషన్ బిల్లు ప్రభుత్వం కట్టడం తప్పని ఆ తర్వాత వచ్చిన ఏ ముఖ్యమంత్రీ అనలేదు. పేర్లు మార్చారంతే. ఆ మాటే అమెరికాలో అంటే విప్లవమైపోతుంది.

ఉన్న ఇన్సూరెన్స్ కూడా పోతుందేమోనన్న భయం అబద్ధమేమీ కాదు. లాస్ వేగాస్ హోటళ్లలో వంటవాళ్లు, గదులు సర్దేవాళ్ల యూనియన్ కొట్లాడి సంపాదించుకున్న సొంత ఆరోగ్య పథకం ఉంది. శాండర్స్ వస్తే అది పోతుందని యూనియన్ నాయకత్వం కరపత్రాలే పంచింది. అయినా పోయిన శనివారం నెవాడా కాకస్‌లో (ఓటర్లు ఒకచోట గుమిగూడి అభ్యర్థిని ఎంచుకునే సభలో), బెలాజియో హోటల్ హాల్లోకి డ్యూటీ మధ్యలో యూనిఫాంలతోనే వచ్చిన కార్మికుల్లో ఎక్కువమంది శాండర్స్ వైపే చేరారు. తమకున్నది తమ చుట్టాలకు, పక్కింటివాళ్లకు లేదని వాళ్లకు తెలుసు. ఉద్యోగం మారితే తమకూ ఉండదనీ తెలుసు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆయన్ను నలభై ఏళ్లుగా వెక్కిరిస్తూనే ఉన్నారు. 1981లో బర్లింగ్టన్ మేయర్‌గా గెలిచింది 10 ఓట్ల తేడాతో. సరస్సు ఒడ్డున ఖరీదైన అపార్ట్‌మెంట్లు లేవకుండా అడ్డుపడ్డారు, ఇప్పుడక్కడ జనం పార్కులో నడుస్తున్నారు. 2002లో ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా ఓటేశారు. ఇప్పుడు ఆయన మీద పోటీలో ఉన్న జో బైడెన్ అనుకూలంగా వేశారు. యెమెన్ యుద్ధంలో సౌదీకి అమెరికా సాయం ఆపాలన్న తీర్మానాన్ని రిపబ్లికన్ సెనేటర్‌తో కలిసి నడిపి ఉభయ సభల్లో గెలిపించారు. ట్రంప్ వీటో చేశారు. కాబట్టి ఈ వారం ఢిల్లీ అల్లర్లపై ‘అది భారత్ చూసుకోవాల్సింది’ అని ట్రంప్ తప్పించుకోవడాన్ని శాండర్స్ తప్పుబట్టినప్పుడు మన దగ్గర కొందరికి మండింది కానీ, సొంత ప్రభుత్వాన్నే వదలని మనిషి ఇంకొకరిని వదులుతాడని ఎలా అనుకున్నారో!

ఆయన గెలవలేడన్నదే పార్టీ పెద్దల అసలు టెన్షన్. సోషలిస్టునని తనే చెప్పుకునే 78 ఏళ్ల మనిషిని ట్రంప్ నమిలేస్తారని. కిందటిసారి, 2016లో, జాగ్రత్తపడి నిలబెట్టిన హిల్లరీ క్లింటన్‌కు ఏమైందో చూశాం. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి 80 వేల లోపు ఓట్ల తేడాతో చేజారాయి. వాటిలో మొదటి రెండు రాష్ట్రాల ప్రైమరీల్లో ఆ ఏడాది గెలిచింది శాండర్స్. ఫ్యాక్టరీలు మెక్సికోకు తరలిపోయాయని ట్రంప్ అక్కడ కడుపుమంట రాజేశారు. 1993లో అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య నాఫ్టా వ్యాపార ఒప్పందానికి శాండర్స్ వద్దన్నారు, బైడెన్ సరేనన్నారు. ఆ ఊళ్లలో చర్చకు నిలబడితే ఎవరి నోరు మూతపడుతుందో ఊహించడం కష్టం కాదు.

డబ్బు మాటకొస్తే, పోటీలో ఉన్న మరో అభ్యర్థి, కుబేరుడు మైకేల్ బ్లూమ్‌బర్గ్ ఒక్కరే సొంత సంపాదనలోంచి 40 కోట్ల డాలర్లకు పైగా ప్రకటనలకు ధారపోశారు. శాండర్స్‌కు చిన్న చిన్న విరాళాల మీదే జనవరి ఒక్క నెలలో రెండున్నర కోట్ల డాలర్లు వచ్చాయి. ఎవరు ఎవరికి బాకీ పడతారన్నది ఇక్కడే తేలుతుంది.

మాకు నచ్చనివీ ఉన్నాయి. నిరుడు అక్టోబరులో శాండర్స్‌కు గుండెపోటు వచ్చి రెండు స్టెంట్లు వేశారు. వైద్య రికార్డులన్నీ బయటపెడతానని, చివరికి డాక్టర్ల ఉత్తరాలతో సరిపెట్టారు. అది సరికాదు. తుపాకుల కొనుగోలుకు తనిఖీలు పెట్టిన బ్రేడీ బిల్లుకు 1993లో వ్యతిరేకంగా ఓటేశారు. మొన్న ఆదివారం టీవీలో క్యూబా నియంత క్యాస్ట్రో అక్షరాస్యత ఉద్యమాన్ని మెచ్చుకోవడం, ఆయన పాలన నుంచి పారిపోయి వచ్చినవాళ్లున్న ఫ్లోరిడాలో ఎలా వినిపిస్తుందో ఆలోచించినట్టు లేదు. హెచ్-1బీ అంటే ఆయనకు మొదటి నుంచీ అనుమానమే. తక్కువ జీతానికి మనుషుల్ని తెచ్చి ఉన్నవాళ్లను తీసేసే కంపెనీల మీదే ఆయన కోపం, ఆ కంపెనీల కింద నలిగేది మనవాళ్లు కూడా. కానీ ఒక్కో దేశానికి 7 శాతం అన్న కోటా వల్ల గ్రీన్‌కార్డు క్యూలో జుట్టు నెరుస్తున్నవాళ్ల గురించి ఆయన గట్టిగా మాట్లాడగా మేం వినలేదు. అడగాల్సింది అక్కడి తెలుగువాళ్లే, అదీ ఓటు అడుగుతున్న ఈ రోజుల్లోనే.

శనివారం సౌత్ కరోలినాలో బైడెన్ గెలిచినా ఆశ్చర్యం లేదు. అక్కడి నల్లజాతి ఓటర్లలో ఆయన పరపతి పాతది. ఆ వెంటనే మంగళవారం. టెక్సస్‌లో ఓటరుగా నమోదై ఉంటే చాలు, పార్టీ సభ్యత్వం అక్కర్లేదు. కాలిఫోర్నియాలో అలా కాదు. ఏ పార్టీ రాయకుండా నమోదైనవాళ్లు డెమొక్రటిక్ బ్యాలెట్ కావాలని నోరు తెరిచి అడగాలి. అడగకపోతే చేతికొచ్చే కాగితంలో అధ్యక్ష పదవి పోటీయే ఉండదు.