2 గ్రాముల ఊదా పురాణం

ల్యాబులో ప్రమాదకరమైన పొడులు చాలానే ఉంటాయి. మనిషి పరువు తీయడానికే పుట్టినట్టుండే పొడి మాత్రం క్రిస్టల్ వయొలెట్ ఒక్కటే. మిగతావి కాలుస్తాయి, మండిస్తాయి, దగ్గిస్తాయి. ఇది పట్టిస్తుంది. పొడిగా ఉన్నంతసేపూ జీరంగి రెక్కలా ముదురాకుపచ్చగా మెరుస్తూ, ఊదారంగుతో తనకు ఏ చుట్టరికమూ లేనట్టు సీసాలో బుద్ధిగా కూర్చుంటుంది. నీటిచుక్క తగిలిందా, అసలు రంగు బయటపెడుతుంది. 10 లీటర్ల బకెట్టు నీళ్ళు కంటికి తెలిసేంత ఊదాగా మారడానికి 1 మిల్లీగ్రాము చాలు. గచ్చు మీద పడిన మిల్లీగ్రాము పొడి ఏ కంటికీ ఆనదు. గొడవంతా అక్కడే ఉంది.

సూక్ష్మజీవుల ల్యాబులో ఈ పొడితో తప్పని పని గ్రామ్ స్టెయిన్, అంటే బాక్టీరియాకు రంగు పట్టించి వాటి వర్గం తేల్చడం. డెన్మార్క్‌కు చెందిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బెర్లిన్‌లో పనిచేస్తూ 1884లో ఈ పద్ధతిని ప్రచురించాడు. అప్పట్నుంచీ బాక్టీరియా ఊదారంగును పట్టుకుని ఉండేవి గ్రామ్ పాజిటివ్, వదిలేసేవి గ్రామ్ నెగెటివ్ అని రెండు వర్గాలుగా చీలిపోయాయి. ల్యాబు కోట్లు మాత్రం అన్నీ పాజిటివే.

రంగు తయారీ చూడ్డానికి పిల్లల ఆట. హకర్ అనే శాస్త్రవేత్త పేరున్న పద్ధతిలో 2 గ్రాముల క్రిస్టల్ వయొలెట్‌ను 20 మి.లీ. 95 శాతం ఇథనాల్‌లో కరిగించాలి. 0.8 గ్రాముల అమ్మోనియం ఆక్సలేట్‌ను 80 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో విడిగా కరిగించాలి. రెండూ కలిపి, 24 గంటలు ఉంచి, వడగట్టాలి. ఇంతే కదా అని ఈ పనిని కొత్తగా చేరిన కుర్రవాడికి అప్పజెబుతారు. ప్రతి ల్యాబులోనూ ఇలాగే జరుగుతుంది, ప్రతి ల్యాబులోనూ ఇదే తప్పు.

కుర్రవాడికి శ్రద్ధ ఎక్కువ. బ్యాలెన్స్ మీద ప్లాస్టిక్ తూకం పళ్ళెం పెట్టి, అంకెను సున్నా చేసే టేర్ మీట నొక్కి, సీసా మూత తీస్తాడు. ఆ మూత లోపల, మర చుట్ల మధ్య, పోయినసారి వాడినవాళ్ళు వదిలిన పొడి ఉంటుంది. మూత తిప్పగానే అది రాలుతుంది. ఎక్కడ రాలిందో ఎవరూ చూడరు, ఎందుకంటే కళ్ళన్నీ బ్యాలెన్స్ అంకెల మీదే. ప్లాస్టిక్ పళ్ళెం, పొడి తోడే ప్లాస్టిక్ స్పాచులా, ఏసీ పుణ్యమా అని పొడిబారిన గాలి: మూడూ కలిస్తే స్థిర విద్యుత్తు పుట్టి, పొడి స్పాచులా మీద నుంచి పళ్ళెంలోకి దిగే బదులు పక్కకు ఎగురుతుంది. పైన ఫ్యాన్ తిరుగుతూ తన వంతు సాయం చేస్తుంది.

అంకె 2.087 దగ్గర ఆగుతుంది. కావలసింది 2.000. కొంచెం తీసి సీసాలో వేస్తాడు. (ఒకసారి బయటికి తీసిన పొడి మళ్ళీ సీసాలోకి వెళ్ళకూడదన్నది ల్యాబు మొదటి పాఠం. అది అప్పటికి గుర్తుండదు.) 1.962. మళ్ళీ కొంచెం వేస్తాడు. 2.031. మళ్ళీ తీస్తాడు. ఇలా స్పాచులా అటూ ఇటూ తిరిగిన ప్రతిసారీ కంటికి కనబడని ఒక వాటా గాలిలో కలుస్తుంది. చివరికి 2.000 రాగానే కుర్రవాడి మొహం వెలిగిపోతుంది.

ఇంతకీ సీసా మీద 'డై కంటెంట్ 85%' అని అచ్చేసి ఉంటుంది. పై లెక్క 90 శాతం రంగున్న పొడికి కట్టినది. ఆ ప్రకారం ఈ సీసాలోంచి తీయాల్సింది 2.12 గ్రాములు. అంటే మూడో దశాంశం కోసం ఇంత యుద్ధం చేసి, మొదటి దశాంశం దగ్గరే ఓడిపోయాడన్నమాట.

ఆ తర్వాత బ్యాలెన్స్‌ను పొడి టిష్యూతో తుడుస్తాడు. తళతళలాడుతుంది. అవే గ్లవ్స్‌తో నోట్‌బుక్‌లో తూకం రాస్తాడు, డ్రాయర్ తీస్తాడు, ఇథనాల్ కోసం అలమర తెరుస్తాడు, ముక్కు దురదపెడితే మోచేత్తో గోక్కోవాలన్న జ్ఞానం ఉన్నా వేలితోనే గోక్కుంటాడు, ఫోన్ మోగితే ఎత్తుతాడు. ఆ సాయంత్రానికి ల్యాబులో ఎక్కడా మచ్చ లేదు.

మర్నాడు పొద్దున్నే అటెండరు తడి మాపు పెట్టి గచ్చు తుడుస్తాడు. ఒక పక్కనుంచి తుడుచుకొస్తుంటే వెనకాల గచ్చు ఊదారంగు చారలతో తేలుతుంది. ఇంకాస్త గట్టిగా తుడుస్తాడు. చారలు కలిసి మడుగవుతాయి. అప్పుడే లోపలికి అడుగుపెట్టిన సీనియర్‌కు ఇంకేం కావాలి?

"ఏం కలిపావయ్యా బకెట్లో?"

"నీళ్ళు సార్."

"మరి ఈ రంగెక్కడిది?"

"నిన్న ఇక్కడ తూకం వేసింది ఎవరో వాళ్ళనడగండి సార్. నేను తుడిచేవాణ్ణి, పూసేవాణ్ణి కాదు."

విచారణ ఎక్కువసేపు సాగదు. ఈ పొడికున్న సుగుణం ఏమిటంటే దర్యాప్తు అదే చేసి పెడుతుంది. తడిగుడ్డతో ఒక్కొక్క వస్తువూ తుడుస్తూ పోతే నిన్నటి దినచర్య మొత్తం వరసగా బయటపడుతుంది: బ్యాలెన్స్ తలుపు, పెన్ను, డ్రాయర్ పిడి, అలమర, కుర్చీ చెయ్యి, లిఫ్ట్ మీట. చివరికి పొద్దున మొహం కడుక్కున్నప్పుడు తేలిన ఊదారంగు ముక్కుతో కుర్రవాడే స్వయంగా హాజరవుతాడు. వాంగ్మూలం తీసుకోవాల్సిన పనిలేదు.

ఇక శుద్ధి ఘట్టం. సలహాలకు ఏ ల్యాబులోనూ కరువుండదు. రసాయన శాస్త్రం మీద పట్టున్న సీనియర్ గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం తెచ్చి మరక మీద నాలుగు చుక్కలు వేస్తాడు. ఊదా కాస్తా ఆకుపచ్చ, ఆకుపచ్చ కాస్తా పసుపు అవుతుంది. "చూశారా, పోయింది!" అని నీళ్ళు పోస్తాడు. మరక మళ్ళీ ఊదాగా, ఈసారి జానెడు వెడల్పున ప్రత్యక్షమవుతుంది. ఆమ్లత కొలిచే పీహెచ్ అంకె 1 కంటే కిందకు దిగితే రంగు అణువుకు ప్రోటాన్లు అతుక్కుని అది పసుపుగా కనబడుతుంది. నీళ్ళతో ఆమ్లం పలచబడగానే ప్రోటాన్లు విడిపోతాయి, పాత రంగు తిరిగొస్తుంది. రంగు వేషం మార్చింది తప్ప ఊరు విడిచి పోలేదు.

ఈలోగా ఇంకొకరు బ్లీచ్ సీసాతో పరుగెత్తుకొస్తారు. నవ్వు ఆపాల్సిన చోటు ఇదే. ఆమ్లం మీద బ్లీచ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఆల్కహాల్‌తో తుడిచిన తడి మీద పడినా క్లోరోఫామ్ లాంటివి పుట్టుకొస్తాయి. ఒక్క బ్లీచే పలుచగా వాడితే ఈ రంగును విరగ్గొడుతుంది, నిజమే. అది చివరి మెట్టు. అదీ గచ్చు మీద, ముందు వాడిన ఆమ్లమో ఆల్కహాలో నీళ్ళతో పూర్తిగా కడిగి తీసేశాకే. బ్యాలెన్స్ పళ్ళెం మీద మాత్రం వద్దు, లోహాన్ని తినేస్తుంది.

పద్ధతిగా చేస్తే పని ఇలా సాగుతుంది. పొడి ఒలికిందని తెలిసిన క్షణానే ఫ్యాన్ ఆపాలి. ఎవరినీ అటు నడవనివ్వకూడదు, లేకపోతే చెప్పులు మిగతా గదికి పంచిపెడతాయి. ఊదకూడదు, చీపురు పట్టకూడదు. మామూలు వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, ముందు నుంచి పీల్చింది వెనక నుంచి మెత్తగా గదంతా చల్లుతుంది. సన్నటి ధూళిని కూడా పట్టి ఆపే హెపా ఫిల్టర్ ఉన్నదైతే సరే. అది లేకపోతే ఇథనాల్‌తో తడిపిన టిష్యూను పొడి మీద మెల్లగా కప్పి, అంచుల నుంచి మధ్యకు మడుస్తూ ఎత్తాలి. ఒక టిష్యూ ఒక్కసారే. తిప్పి రెండోసారి తుడిచారంటే తీసిన రంగును మళ్ళీ అద్దినట్టే. బర్నర్ మాత్రం ముందే ఆర్పాలి. గ్రామ్ స్టెయిన్ చేసే బల్ల మీద అది వెలుగుతూనే ఉంటుంది, ఇథనాల్ ఆవిరికి అది చాలు. ఆ టిష్యూలన్నీ మూతున్న వ్యర్థాల డబ్బాలోకి పోవాలి. మాపు పిండిన నీళ్ళు కూడా సింకులో పారబోయకూడదు. ఈ రంగు నీటిలోని ప్రాణులకు చాలా విషం.

ఇది బట్టల మరక కథేనని తీసిపారేయడానికి లేదు. మింగితే హాని. క్యాన్సర్ కలిగించవచ్చన్న అనుమానమూ లేబుల్ మీదే రాసి ఉంటుంది. కంట్లో పడితే తీవ్రంగా దెబ్బతీస్తుంది. అలా పడితే 15 నిమిషాల పాటు ధారగా నీళ్ళతో కడుగుతూ, డాక్టరుకు కబురు చేయాలి. అందుకే మామూలు కళ్ళజోడు చాలదు, పక్కలు మూసుకునే గాగుల్స్ కావాలి. చర్మానికైతే సబ్బూ నీళ్ళూ, ఆ పైన ఓపిక. ఆల్కహాల్‌తో రుద్దితే రంగు పోవడం అటుంచి చర్మంలోకి ఇంకడానికి దారి దొరుకుతుంది. పై పొర రాలిపోయేదాకా కొన్ని రోజులు ఆ ముక్కుతోనే తిరగాలి, సెమినార్ ఉన్నా సరే.

అసలు తూకం దగ్గరే జాగ్రత్తపడితే ఈ తుడుపులేవీ ఉండవు. బ్యాలెన్స్ బయటే ఉండాలి, పొడి మాత్రం ఫ్యూమ్ హుడ్, అంటే గాలిని బయటికి లాగేసే అర, దాటి రాకూడదు. మూతున్న చిన్న గాజు సీసా (వయల్) తీసుకుని, మూతతో సహా బ్యాలెన్స్ మీద పెట్టి టేర్ నొక్కాలి. వయల్‌ను హుడ్‌లోకి తీసుకెళ్ళి, అంచు నుంచి కనీసం 15 సెం.మీ. లోపల, తడి టిష్యూ పరిచి, దాని మీద పెట్టాలి. స్టీల్ స్పాచులాతో 2 గ్రాములుంటుందనిపించేంత వేసి మూత బిగించాలి. పైన వేసుకున్న గ్లవ్స్ జత అక్కడే విప్పేయాలి. అందుకే ముందే రెండు జతలు తొడుక్కోవడం. వయల్ బయటి వైపు ఆల్కహాల్ టిష్యూతో తుడిచి, ఆరాక, తూచాలి.

2.000 రాలేదా? రానివ్వండి. 90 శాతం రంగున్న పొడి 2.1 గ్రాములు వచ్చిందనుకుందాం. ఇథనాల్ 21 మి.లీ., ఆక్సలేట్ 0.84 గ్రాములు, నీళ్ళు 84 మి.లీ. తీసుకుంటే సరిపోతుంది. నీళ్ళను కొలవడానికి ఎవరి ముక్కూ రంగు మారనక్కర్లేదు. ఇథనాల్‌ను అదే వయల్‌లో, హుడ్‌లోనే పోసేయాలి. ఒక్కసారి తడిసిన పొడికి ఇక ఎగిరే యోగం లేదు. ఇంత శ్రమ ఎందుకనుకునేవాళ్ళకు తయారుగా ఉన్న ద్రావణం దొరుకుతుంది. వారానికి నాలుగు స్లైడ్లు వేసే ల్యాబు పొడి సీసా దాచుకోవడంలో అర్థం లేదు.

సీసా దాచడం పెద్ద విద్యేమీ కాదు. మూసే ముందు మరలూ మూతా ఆల్కహాల్ టిష్యూతో తుడవాలి, గట్టిగా బిగించాలి, జిప్ సంచిలో వేసి ట్రేలో నిలబెట్టాలి. తడి, ఎండ తగలని చోట, ఆక్సీకరణ చేసే రసాయనాలకు దూరంగా, కంటి ఎత్తుకు దిగువ అరలో ఉంచాలి.

పేచీ లేబుల్ దగ్గర వస్తుంది. సీసా వచ్చిన తేదీ, తెరిచిన తేదీ మార్కర్ పెన్నుతో రాస్తారు. తర్వాత సీసా శుభ్రంగా ఉండాలని ఆల్కహాల్‌తో తుడుస్తారు. ఊదా మరకతో పాటు తేదీలూ పోతాయి, ఇంకొంచెం శ్రద్ధగా తుడిస్తే పేరూ పోతుంది. పేరు లేని సీసాను వ్యర్థాలు తీసుకెళ్ళేవాళ్ళు ముట్టరు, పరీక్ష చేసి అదేమిటో తేల్చమంటారు. పెన్సిల్‌తో రాసి పైన పారదర్శక టేపు అంటిస్తే ఆ బాధ తప్పుతుంది. గ్రాఫైట్‌ను ఇథనాల్ ఏమీ చేయలేదు. ఈ పని కూడా కుర్రవాడికే అప్పజెబుతారు, గ్లవ్స్ మార్చుకున్నాడో లేదో చూసి మరీ.