నిర్దోషిగా తేలినవాడికి నార్‌ఫోక్ దీవి

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన సామెత. 1807లో సిడ్నీ కోర్టులో గెలిచిన మైకేల్ డ్వయర్ గారికి మాత్రం ఇంటికొచ్చి ఏడ్చే తీరిక కూడా ఇవ్వలేదు. కేసు కొట్టేశారు, ఆ వెంటనే ఆయన్ని పసిఫిక్ సముద్రంలో ఖైదీలను ఉంచే నార్‌ఫోక్ దీవికి పంపేశారు. "ఏమన్నా అనండి, తెల్లోళ్ళ పాలనలో న్యాయం ఉండేదండీ" అని ఇప్పటికీ నిట్టూర్చే పెద్దమనుషులకు ఈ వ్యాసం అంకితం.

డ్వయర్ ఐర్లండ్‌లోని విక్లో కొండల మనిషి. బ్రిటిష్ పాలన మీద 1798లో లేచిన తిరుగుబాటు అణిగిపోయాక కూడా ఇంకో అయిదేళ్ళు ఆ కొండల్లోనే సైన్యానికి చిక్కకుండా తిరిగాడు. అలాంటివాళ్ళను పట్టుకోవాలంటే ముందు దారి ఉండాలి కదా అని సర్కారు 1800లో కొండల మీదుగా మిలిటరీ రోడ్డు మొదలుపెట్టింది. 1803 డిసెంబరులో డ్వయర్ తనంతట తానే లొంగిపోయాడు. రోడ్డు 1809లో పూర్తయింది. అప్పటికి ఆయన ఆస్ట్రేలియా చేరి మూడేళ్ళు. ప్రభుత్వ పనులు ఆలస్యమవుతాయని మనల్ని మనమే తిట్టుకుంటాం గానీ, ఇదేమీ మనం కనిపెట్టిన విద్య కాదు.

అమెరికాకు పంపేస్తారన్న భరోసాతో లొంగినవాణ్ణి డబ్లిన్‌లోని కిల్‌మెయిన్‌హామ్ జైల్లో పెట్టి, 1805లో ఓడెక్కించారు. ఓడ పేరు టెల్లిచెర్రీ. అవును, మన మలబారు తీరంలో మిరియాలకు పేరుపడ్డ ఊరే. ఊరి పేరు తెలిసిందే గానీ, ఓడ వెళ్ళింది బ్రిటన్ తన ఖైదీలను తోలేసే సిడ్నీకి. విచారణ లేదు, తీర్పు లేదు, శిక్షాకాలం అసలే లేదు. ఐర్లండ్ నుంచి నేరుగా వెళ్ళిన ఖైదీలు దాదాపు 40 వేల మంది. వాళ్ళలో గొర్రెను దొంగిలించినవాడికైనా ఏడేళ్ళని ఒక లెక్క ఉండేది, వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాడు. నేరం రుజువు కానివాడికి ఆ సౌకర్యం ఉండదు.

1806 ఫిబ్రవరిలో దిగగానే కబ్రమట్టా వాగు దగ్గర వంద ఎకరాలు రాసిచ్చారు. ఇది దొరల ఉదారత. ఆ నేల అక్కడి ఆదివాసులైన డారుగ్ ప్రజలది. వాళ్ళను ఎవరూ అడగలేదు. ఏ నేరమూ చేయకుండా తరతరాలుగా అక్కడే ఉండిపోయినవాళ్ళకు పట్టా ఎలా ఇస్తారు చెప్పండి?

అదే ఏడాది సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ వలసకు గవర్నరుగా విలియం బ్లై దొరవారు వచ్చారు. బౌంటీ ఓడలో సొంత నావికులే తిరగబడి సముద్రంలో చిన్న పడవలోకి దింపేసిన ఆ బ్లైయే. తిరుగుబాటు అన్న మాట వింటేనే ఆయనకు టెన్షన్. డ్వయర్, ఆయన మిత్రులు కుట్ర పన్నుతున్నారని కేసు పెట్టించారు. కోర్టు డ్వయర్‌ను నిర్దోషి అంది. దొరవారు కోర్టు తీర్పును గౌరవించారు, కాకపోతే డ్వయర్‌ను నార్‌ఫోక్ దీవికి, అక్కణ్ణుంచి ఇప్పుడు టాస్మేనియా అంటున్న వాన్ డీమెన్స్ లాండ్‌కు పంపారు. విచారణ లేకుండా ఒకసారి, విచారణలో గెలిచి ఒకసారి. ఇంక మిగిలింది విచారణలో ఓడిపోవడమే, ఆ ముచ్చట ఆయనకు తీరలేదు.

ఇక్కడ మేజర్ జార్జ్ జాన్‌స్టన్ గారిని తలచుకోకపోతే పాపం. 1804 మార్చిలో కాజిల్ హిల్ దగ్గర ఐరిష్ ఖైదీలు తిరగబడితే అణచినవాడు ఈయనే. మాట్లాడుకుందాం రమ్మని నాయకుడు ఫిలిప్ కన్నింగ్‌హామ్‌ను పిలిచి, దగ్గరికి రాగానే పిస్తోలు గురిపెట్టి పట్టుకున్నాడు. కన్నింగ్‌హామ్‌ను విచారణ లేకుండా సర్కారు గోదాం మెట్ల దగ్గర ఉరితీశారు. ఆ తిరుగుబాటుకు మొత్తం తొమ్మిది ఉరులు.

నాలుగేళ్ళు తిరక్కుండా, 1808 జనవరి 26న అదే జాన్‌స్టన్ సైన్యంతో గవర్నరు బంగళా మీదికి నడిచి బ్లైను నిర్బంధించాడు. గవర్నరును మంచం కింది నుంచి లాగుతున్నట్టు బొమ్మ కూడా గీయించారు. ఈ తిరుగుబాటుకు ఉరులు ఎన్నంటారా? సున్నా. 1811లో లండన్‌లో సైనిక విచారణ జరిపి జాన్‌స్టన్ ఉద్యోగం తీసేశారు. ఆయన ఓడెక్కి మళ్ళీ న్యూ సౌత్ వేల్స్‌కు వచ్చి, తన ఆనండేల్ ఎస్టేటులో హాయిగా బతికాడు. ఖైదీ చేతిలో బల్లెం ఉంటే తిరుగుబాటు, మేజరు చేతిలో కత్తి ఉంటే పరిపాలనాపరమైన అభిప్రాయభేదం. చట్టం ముందు అందరూ సమానమే, చట్టం వెనక ఎవరెవరు నిలబడ్డారన్నదే తేడా.

బ్లై పీడ వదిలాక డ్వయర్ సిడ్నీ తిరిగొచ్చాడు. తర్వాతి ముచ్చట ఇంకా బాగుంటుంది. ఒకప్పుడు ఎవరి కోసం సర్కారు కొండలు తవ్విందో ఆయన్నే పోలీసు ఉద్యోగంలో పెట్టుకుని, 1820లో సిడ్నీ పక్కనున్న లివర్‌పూల్‌కు చీఫ్ కానిస్టేబుల్‌ను చేశారు. కొన్ని నెలలకే తాగుడు, కాగితాలు పోగొట్టడం అనే కారణాల మీద తీసేశారు. అంటే పోలీసు శాఖలో పూర్తిగా కలిసిపోయాడన్నమాట.

భూములు పెంచుకుంటూ పోయి అప్పుల్లో మునిగాడు. కొండల్లో సైన్యానికి చిక్కనివాణ్ణి అప్పులవాళ్ళు కోర్టుకీడ్చి 1825లో జైల్లో వేయించారు. అక్కడే రక్త విరేచనాలు పట్టుకుని ఆగస్టులో పోయాడు. లివర్‌పూల్‌లో పాతిపెట్టారు. 1878లో తవ్వి సిడ్నీ శ్మశానానికి మార్చారు. దాన్ని మూసేయబోతున్నారని, పైగా 1798 తిరుగుబాటుకు నూరేళ్ళు నిండాయని, 1898లో మళ్ళీ తవ్వి వేవర్లీ శ్మశానానికి తీసుకెళ్ళారు. దారి పొడవునా జనమే జనం. ఈ రెండు తరలింపులప్పుడు కూడా ఆయన మీద నేరమేదీ రుజువు కాలేదు.