కౌబాయ్స్ డ్రాఫ్టుకి నా మార్కులు: నీలం జెర్సీ వేసుకుని, పూర్తి నిష్పక్షపాతంగా

అమెరికన్ ఫుట్‌బాల్ లీగైన ఎన్ఎఫ్ఎల్‌లో 2025 డ్రాఫ్టు అయిన రాత్రే టీవీల్లో కూర్చున్న పెద్దలంతా గ్రేడ్లు ఇచ్చేశారు గానీ, మా డాలస్ టీమ్ కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ ఉన్న టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనే అద్దె కట్టుకుని బతుకుతున్న నాలాంటి తెలుగోణ్ణి మాత్రం ఒక్కడూ అడగలేదు, అందుకని అడక్కుండానే ఇస్తున్నా. నా అర్హత ఏంటంటారా, ఈ కుర్రాళ్లలో ఒక్కడు కూడా కాలేజీలో ఆడిన మ్యాచ్ నేను పూర్తిగా చూడలేదు, కాబట్టి నాకు ఎవరి మీదా పక్షపాతం లేదు.

తెలియనివాళ్లకి డ్రాఫ్టంటే కాలేజీ కుర్రాళ్లని టీములు వంతులవారీగా ఎంచుకోవడం, ఎంసెట్ కౌన్సెలింగ్‌ని తిరగేసినట్టు. కిందటి సీజన్లో అందరికంటే చెత్తగా ఆడిన టీమ్‌ని ముందు పిలుస్తారు, సూపర్ బౌల్ అనే ఫైనల్ కొట్టినోడు ఆఖర్న. మూడ్రోజులు, ఏడు రౌండ్లు, ఈసారి గ్రీన్ బే ఊళ్లో మొత్తం 257 మందిని ఎంచుకున్నారు. మావాళ్లు 2024లో 7 గెలిచి 10 ఓడారు, అంటే గెలవడమూ సరిగ్గా రాలేదు, పోనీ ఓడటమైనా శ్రద్ధగా ఓడారా అంటే అదీ లేదు, ఎటూ కాకుండా 12వ నంబర్ దక్కింది.

ఆ 12వ నంబర్‌కి ఊరంతా బంతి పట్టే మంచి రిసీవర్ వస్తాడని కాచుక్కూర్చుంటే అలబామా నుంచి టైలర్ బుకర్ అనే గార్డుని తీసుకున్నారు. గార్డంటే బంతి ముట్టుకోడు, టచ్‌డౌన్ కొట్టడు, ఎదుటోడిని తోస్తుంటాడు అంతే. మా పాత గార్డు జాక్ మార్టిన్ రిటైరయ్యాడు కాబట్టి ఆ చోటు ఖాళీ, లాజిక్ ఉంది, నాకు లాజిక్ నచ్చదు కాబట్టి మొదట మండింది. పైగా డ్రాఫ్టుకి ముందు పెట్టే కంబైన్ అనే పరీక్షల్లో ఈ అబ్బాయి 40 గజాలు పరిగెత్తడానికి 5.38 సెకన్లు పట్టిందని మా వాట్సాప్ గ్రూపులో శోకాలు. 321 పౌండ్లు బాబూ, దాదాపు 145 కిలోలు! అయినా ఆటలో గార్డు ఒక్కడే 40 గజాలు పరిగెత్తాల్సి వచ్చిందంటే అప్పటికే బంతి విసిరే మన క్వార్టర్‌బ్యాక్ దాన్ని అవతలోడి చేతిలో పెట్టేసుంటాడు, ఇంక సెకన్లు లెక్కపెట్టి ఏం లాభం. ఎదుటోడికి ఫుట్‌బాల్ మీద ప్రేమ పోయేలా చేయడమే తన పని అని ఆ కుర్రాడు అన్నాట్ట, ఆ పని కౌబాయ్స్ అభిమానులకి ఎప్పుడో జరిగిపోయింది, ఇంక మిగతా లీగ్ సంగతి చూసుకుంటే చాలు. గ్రేడ్: బీ ప్లస్.

రెండో రౌండ్లో బోస్టన్ కాలేజీ నుంచి డోనొవన్ ఎజిరువాకు, క్వార్టర్‌బ్యాక్‌ల మీద పడే రకం. పేరు పలకడం నేర్చుకోడానికి నాకు రెండ్రోజులు పట్టింది, అంతసేపు ఒక ఆటగాడి మీద పెట్టాక ఏ కంటే తక్కువ ఇస్తే నా శ్రమకే అవమానం. మూడో రౌండ్లో షవాన్ రెవెల్ అనే కార్నర్‌బ్యాక్, అంటే అవతలి రిసీవర్లని కాచుకునేవాడు, 2024 సెప్టెంబర్లో మోకాలి లిగమెంట్ తెగి మిగతా సీజనంతా కూర్చున్నాడు. అంటే అప్పట్నుంచి మైదానంలో లేడు కాబట్టి ఒక్క తప్పూ చేయలేదు, ఏ ప్లస్. మోకాలు పాడైన మంచి ఆటగాణ్ణి చవగ్గా పట్టుకొచ్చి దేవుడి మీద భారం వేయడం మావాళ్లకి కొత్త కాదు, 2016లో జేలన్ స్మిత్‌ని అలాగే తెచ్చారు. ఐదో రౌండ్ నుంచి ఏడో రౌండ్ దాకా ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు, ఇద్దరు డిఫెన్సివ్ టాకిల్స్, ఒక లైన్‌బ్యాకర్, ఒక అఫెన్సివ్ టాకిల్. అందరూ మంచి పిల్లల్లాగే ఉన్నారు, ఏ మైనస్.

గ్రేడ్లు ముందే ఇస్తే ఎలా, మూడేళ్లు ఆగాలి కదా అని కొందరు పెద్దమనుషులు సుద్దులు చెప్తారు. మూడేళ్లు ఆగితే అందరికీ తెలిసిపోతుంది, ఇంక మనకేం పని? 2013లో 31వ నంబర్‌కి ట్రావిస్ ఫ్రెడరిక్‌ని తీసుకుంటే దేశమంతా నవ్వింది, వాడు ఆల్ ప్రో, అంటే లీగ్‌లోనే మేటి సెంటర్ అయ్యాడు. 2017లో 28వ నంబర్‌కి టాకో చార్ల్‌టన్‌ని తీసుకున్నారు, రెండు నంబర్ల తర్వాత స్టీలర్స్ టీమ్, తర్వాత పెద్ద స్టార్ అయిన టీజే వాట్‌ని ఎత్తుకెళ్లింది, మావాడు మూడో సీజన్ మొదట్లోనే ఇంటికెళ్లాడు. మా క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ 2016లో నాలుగో రౌండ్లో 135వ నంబర్, వాడికంటే ముందు వేరే క్వార్టర్‌బ్యాక్‌ల కోసం తెగ ప్రయత్నించి దొరక్క వాడితో సరిపెట్టుకున్నారు. 2014లో ఓనరు గారి మనసు జానీ మాన్‌జెల్ అనే క్వార్టర్‌బ్యాక్ మీదుంటే కొడుకు స్టీఫెన్, మిగతావాళ్లు కలిసి ఆపి జాక్ మార్టిన్‌ని తీసుకునేలా చేశారు. మాన్‌జెల్ ఎన్ఎఫ్ఎల్‌లో రెండు సీజన్లే ఆడాడు, మార్టిన్ పదకొండు. చూశారుగా, మా టీమ్ గొప్ప డ్రాఫ్టులన్నీ ఓనరు గారు అనుకున్నది జరగనప్పుడే కుదిరాయి.

అసలు లోటు ఎక్కడుందంటే జనరల్ మేనేజర్ పొజిషన్లో. ఆ పొజిషన్‌కి డ్రాఫ్టు లేదు. జెర్రీ జోన్స్ గారు 1989లో టీమ్ కొని, 29 సీజన్లు కోచింగ్ చేసిన టామ్ లాండ్రీని పంపించేసి, జనరల్ మేనేజర్ కుర్చీలో తనే కూర్చున్నారు. అప్పట్నుంచి ఇప్పటి షాటెన్‌హైమర్‌తో కలిపి తొమ్మిది మంది హెడ్ కోచ్‌లు మారారు, కుర్చీలో మనిషి మాత్రం మారలేదు. 1996 జనవరిలో సూపర్ బౌల్ గెలిచాక కనీసం దానికి ముందు మెట్టైన కాన్ఫరెన్స్ ఫైనల్ ముఖం కూడా మేం చూడలేదు, అయినా ఏ ఓనరు మాత్రం తనని తాను తీసేసుకుంటాడండీ, నేనైనా తీసేసుకోను. ఆయన గ్రేడు వేయడానికి నాకు చెయ్యి రావట్లేదు, ఆబ్సెంట్ అని రాసుకుంటున్నా.

ఇంకో మాట. 2025 ఆగస్టు 28న క్వార్టర్‌బ్యాక్‌లని వేటాడే మైకా పార్సన్స్‌ని, అదే 2021లో ఇదే 12వ నంబర్‌కి తీసుకున్న వాణ్ణి, గ్రీన్ బే టీమ్‌కి ఇచ్చేశారు. బదులుగా డిఫెన్సివ్ టాకిల్ కెన్నీ క్లార్క్, 2026, 2027 ఫస్ట్ రౌండ్ పిక్కులు వచ్చాయి. లీగ్‌లో అంతటి ఆటగాడు పోయాడని నా కొడుకు జెర్సీ మడిచి అల్మారాలో పెట్టేశాడు, నేను మాత్రం పేరు తెలీని, మొహం చూడని, ఆ పిక్కులతో రాబోయే కుర్రాళ్లిద్దరికీ అడ్వాన్సుగా ఏ ప్లస్ వేసేశా.