నాకు ప్రార్థనలో కన్నీళ్ళు రావు, అయితే ఏంటి?

మొన్న చుట్టాలంతా కలిసినప్పుడు మా పిన్ని కొడుకు ఫోన్ నా చేతిలో పెట్టి, పర్సనాలిటీ టెస్ట్ చేయమన్నాడు. కాలక్షేపానికి చేశాను. చివర్లో నాలుగు అక్షరాలొచ్చాయి: ఐఎన్‌టీజే. మొదటి 'ఐ' అంటే అంతర్ముఖి, 'టీ' అంటే లాజిక్‌తో తేల్చుకునే మనిషి అట. అది చూసి వాడికి పెద్ద రహస్యం తెలిసిపోయినట్టు, "అందుకేనక్కా నీకు భక్తి లేదు! మీ టైపు వాళ్ళకి అంతా లాజిక్కే, దేవుడు బుర్రకెక్కడు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట గుచ్చుతూనే ఉంది.

నాకు భక్తి లేదని వీడికెవరు చెప్పారు? దాదాపు ఇరవై ఏళ్ళుగా తెల్లవారకముందే లేచి అరగంట మౌనంగా కూర్చుంటున్నాను. ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకోవాల్సిన విషయమని అనిపించలేదు. మా అక్క సంగతి వేరు. నలుగురూ కలిసి ప్రార్థన మొదలుపెడితే చాలు, రెండో నిమిషానికి దాని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. గొంతు వణుకుతుంది. చూసేవాళ్ళకి అది భక్తి. మూలన గోడకానుకుని కూర్చున్న నేను చూసేవాళ్ళకి 'ఏదో వచ్చింది, పోతుంది'. చిన్నప్పుడు ఒక పెద్దాయన అందరి ముందూ అననే అన్నాడు, "మనసు కరగనివాళ్ళ ప్రార్థన పైకి చేరదు" అని. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ తర్వాత చాలాకాలం కళ్ళు గట్టిగా మూసుకుని ఏడుపు తెచ్చుకోవడానికి ప్రయత్నించేదాన్ని. రాలేదు. నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను.

ఇప్పుడు అర్థమవుతోంది, అది లోపం కాదు, నా స్వభావం. ఈ పోస్టు దాని గురించే. కొంచెం పొడవుంటుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ముందు ఆ నాలుగక్షరాల సంగతి తేల్చేస్తాను. స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో మనుషుల మనస్తత్వాల మీద ఒక పుస్తకం రాశాడు. అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే మాటలు జనంలోకి వచ్చింది అక్కణ్ణుంచే. దాన్ని పట్టుకుని అమెరికాలో ఒక తల్లీకూతుళ్ళు, కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్, మనుషుల్ని 16 రకాలుగా విడగొట్టే ప్రశ్నపత్రం తయారుచేశారు. ఇద్దరూ మనస్తత్వశాస్త్రం చదువుకున్నవాళ్ళు కాదు. అది తప్పని అనను, కానీ చిక్కు ఎక్కడుందంటే, ఈ గుణాల్లో చాలామంది మధ్యలోనే ఉంటారు. పొడుగ్గా కొందరు, పొట్టిగా కొందరు, నడిమి ఎత్తులో బోలెడంతమంది ఉన్నట్టే. టెస్టు మాత్రం సరిగ్గా నడిమధ్య గీత గీసి, ఇటున్నవాళ్ళకి ఒక అక్షరం, అటున్నవాళ్ళకి ఇంకో అక్షరం ఇస్తుంది. గీత పక్కనే ఉన్నవాళ్ళు కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తే అక్షరం మారిపోవచ్చు. అంతమాత్రాన వాళ్ళ భక్తి కూడా మారిపోయిందంటామా?

అన్నట్టు ఆ యుంగ్ ఒక పాస్టర్ కొడుకు. 1959లో బీబీసీ ఇంటర్వ్యూలో దేవుణ్ణి నమ్ముతారా అని అడిగితే, నాకు నమ్మాల్సిన అవసరం లేదు, నాకు తెలుసు అన్నాడు. మనుషుల్ని టైపులుగా విడగొట్టిన మూలపురుషుడి వరసే అది. మా తమ్ముడికి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు పాపం.

అలాగని స్వభావానికీ నమ్మకానికీ సంబంధమే లేదా అంటే, ఉంది. పరిశోధకులు ఇప్పుడు ఎక్కువగా వాడేది టైపుల్ని కాదు, ఐదు గుణాల కొలతని: కలుపుగోలుతనం, ఎదుటివాళ్ళతో సర్దుకుపోయే మెత్తదనం, పద్ధతీ క్రమశిక్షణా, ఊరికే కంగారుపడే గుణం, కొత్త ఆలోచనలకి తలుపు తీసే గుణం. బెల్జియంలోని వాసిలిస్ సరోగ్లూ అనే శాస్త్రవేత్త 2010లో, 19 దేశాల్లో 20 వేల మందికి పైగా మనుషుల మీద అప్పటికే జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూశాడు. మతనిష్ఠ ఉన్నవాళ్ళలో మెత్తదనం, క్రమశిక్షణ కాస్త ఎక్కువ. ఆధ్యాత్మికత వైపు మొగ్గేవాళ్ళలో కొత్తదనం పట్ల ఆసక్తి కాస్త ఎక్కువ. 'కాస్త' అన్న మాటని దయచేసి దాటేయకండి. ఒక మనిషిని చూపించి వీడికి భక్తి ఉందో లేదో చెప్పేంత బలం ఆ సంబంధానికి లేదు.

మరి కలుపుగోలుతనానికి? మతనిష్ఠతో దాని సంబంధం నామమాత్రం. నలుగురి ముందూ గొంతు వణికేవాళ్ళే భక్తులన్న నా చిన్నప్పటి పెద్దాయన లెక్క ఇక్కడే తప్పింది. ఆయన కొలిచింది గొంతుని.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో సంగతి. మెత్తదనానికీ మతనిష్ఠకీ ఉన్న ఆ ముడి అన్ని దేశాల్లో ఒకేలా ఉండదు. మతం అందరి బతుకులోనూ కలిసిపోయిన సమాజాల్లో గట్టిగా, మతాన్ని పెద్దగా పట్టించుకోని సమాజాల్లో వదులుగా ఉంటుంది. అంటే ఏంటి? సర్దుకుపోయే మనిషి చుట్టూ ఉన్నవాళ్ళతో సర్దుకుపోతాడు. చుట్టూ ప్రార్థించేవాళ్ళుంటే తనూ ప్రార్థిస్తాడు. అదే మనిషి వేరేచోట పుట్టి ఉంటే ఆ మంచితనంతోనే ప్రార్థన మానేసేవాడేమో! ఇది చదివాక నా మీద నాకే అనుమానం వచ్చింది. నా మౌనం దేవుడి కోసమా, లేక నలుగురిలో ఉండలేని నా గుణానికి నేను పెట్టుకున్న పెద్ద పేరా? ఈ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అసలు నా గొడవల్లా ఇక్కడే. మనలో ప్రతివాళ్ళూ తమ స్వభావాన్ని తీసుకెళ్ళి దేవుడికి తగిలిస్తారు. కంటతడి సులువుగా పెట్టుకునేవాళ్ళు, దేవుడికి కన్నీళ్ళే ఇష్టం అంటారు. పద్ధతి ప్రకారం బతికేవాళ్ళు, నియమం తప్పితే ఫలితం రాదు అంటారు. ఏ పద్ధతీ కుదరని మనిషి, దేవుడు నియమాల్లో ఉండడండీ అని నవ్వుతాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నికొలస్ ఎప్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం 2009లో దీన్నే పట్టుకుంది. వివాదాస్పద విషయాల మీద నీ అభిప్రాయమేంటి, దేవుడి అభిప్రాయం ఏమై ఉంటుంది, పక్కవాళ్ళది ఏమై ఉంటుంది అని నమ్మేవాళ్ళని అడిగారు. పక్కవాళ్ళ అభిప్రాయం కంటే దేవుడి అభిప్రాయమే తమ అభిప్రాయానికి దగ్గరగా ఉందని చెప్పారు. కొన్ని వాదనలు వినిపించి వాళ్ళ అభిప్రాయం మారిస్తే, వాళ్ళ దేవుడి అభిప్రాయం కూడా వాళ్ళ వెంటే మారింది. చదివి నవ్వుకున్నాను, తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే నా దేవుడు కూడా తక్కువ మాట్లాడతాడు, గోల ఇష్టపడడు, తెల్లవారుజామునే దొరుకుతాడు. అచ్చం నాలాగే.

'నేను మతం మనిషిని కాను, ఆధ్యాత్మిక మనిషిని' అని మెడ నిటారుగా పెట్టి చెప్పేవాళ్ళకి ఇక్కడ ఒక మాట. కొత్తదనం కోరే బుద్ధితో పుట్టారు, కాబట్టి ఒకే చోట, ఒకే పద్ధతిలో మీకు ఊపిరాడదు. మంచిదే. కానీ అదే ప్రార్థనని నలభై ఏళ్ళు అదే వేళకి అదే మాటలతో చేసే ముసలావిడని యాంత్రికం అని కొట్టిపారేయకండి. మీకు కొత్తదనంలో దొరికేది ఆమెకి తిరిగి తిరిగి చెప్పడంలో దొరుకుతుంది. ఆమె పట్టుదలలో పావువంతు మీకుంటే మీ ధ్యానం యాప్‌ని మూడో రోజే తీసేసేవారు కాదు.

నాస్తిక మిత్రులారా, మీరూ తప్పించుకోలేరు. 'మేం ఆలోచిస్తాం కాబట్టి నమ్మం' అన్న ధీమా ఒకటి ఉంటుంది మీకు. 2012లో ఒక ప్రయోగం చాలా పేరు తెచ్చుకుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచనలో మునిగిన మనిషి శిల్పం, ఫ్రెంచి శిల్పి రోడాన్ చేసినది, దాని ఫోటో చూపిస్తే, చూసినవాళ్ళలో దేవుడి మీద నమ్మకం తగ్గిందని తేల్చారు. పత్రికలన్నీ రాశాయి. పాల్గొన్నది కొద్దిమంది విద్యార్థులే. 2017లో వేరేవాళ్ళు వందలమందితో అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఫలితం రాలేదు. మొదట చేసినవాళ్ళు కూడా దాన్ని ఒప్పుకున్నారు, అది వాళ్ళ గొప్పతనం. ఒక బొమ్మ చూస్తే నమ్మకం సడలుతుందని అంత తొందరగా మనం నమ్మేశామంటే, లాజిక్ ఎవరి దగ్గర ఎంతుందో చూసుకోవచ్చు.

ఇంతకీ మా అక్క కన్నీళ్ళ సంగతేంటి? అవి నటన అని నేను చాలాకాలం లోలోపల అనుకునేదాన్ని. ఒప్పుకుంటున్నాను, అది నా అసూయ. కొందరు సంగీతం వింటే ఒళ్ళు మరిచిపోతారు, కథ చదువుతూ పిలిస్తే పలకరు. ఇలా లీనమైపోయే గుణాన్ని కొలిచే ప్రశ్నపత్రం ఒకటి 1974 నుంచే ఉంది. టాన్యా లూర్మన్ అనే మానవశాస్త్రవేత్త అమెరికాలో, దేవుడు మాతో మాట్లాడతాడు అనే క్రైస్తవుల మధ్య కొన్నేళ్ళు గడిపింది. ఆ గుణం ఎక్కువ ఉన్నవాళ్ళకే దేవుడి ఉనికి కళ్ళకి కట్టినట్టు, చెవికి వినపడినట్టు అనిపించడం ఎక్కువని గమనించింది. సాధన చేస్తే అది కొంత పెరుగుతుందని కూడా చూసింది. అంటే అక్క నటించడం లేదు. దానికి ఆ తలుపు తీసే ఉంది, నాకు గొళ్ళెం పడి ఉంది. అందులో దాని గొప్పా లేదు, నా తప్పూ లేదు.

ఏమీ అనిపించకపోయినా నమ్మకం నిలబడుతుందా అని నాకు సందేహం వచ్చినప్పుడల్లా మదర్ థెరిసా గుర్తొస్తుంది. ఆమె పోయిన పదేళ్ళకి, 2007లో, ఆమె ఉత్తరాలు అచ్చయ్యాయి. కొన్ని దశాబ్దాల పాటు ఆమెకి ప్రార్థనలో చీకటి తప్ప ఏమీ అనిపించలేదట. దేవుడు ఉన్న జాడే లేదని తన గురువులకి రాసుకుంది. అయినా పొద్దున్నే లేచేది, పని చేసేది, ప్రార్థించేది. మా పెద్దాయన లెక్కలో ఆమె ప్రార్థన కూడా పైకి చేరి ఉండదు.

వందేళ్ళ కిందటే విలియం జేమ్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఈ తేడాని గట్టిగా పట్టుకున్నాడు. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాల్ని 1902లో పుస్తకంగా వేశాడు. లోకం మంచిదే అని సహజంగా నమ్మేసే ఆరోగ్యవంతమైన మనసులు కొన్ని, లోపలంతా విరిగిపోయి మళ్ళీ కట్టుకుంటే తప్ప నిలబడలేని మనసులు కొన్ని అన్నాడు. రెండో రకానికి ఉదాహరణగా ఒక ఫ్రెంచి మనిషి భయంకర అనుభవం అని ఒకటి రాశాడు. ఆ మనిషి తనేనని తర్వాత ఒక అనువాదకుడి దగ్గర ఒప్పుకున్నాడు. పండితుడు కూడా తన మనసు గురించి వేరేవాళ్ళ పేరుతో చెప్పుకోవాల్సి వచ్చింది చూడండి. ఈ రెండు రకాల మనసులకీ ఒకే మందు పనిచేయదన్నది ఆయన మాటల సారం. భగవద్గీత ఏడో అధ్యాయం కూడా దేవుణ్ణి కొలిచేవాళ్ళని నాలుగు రకాలుగా చెప్పింది: కష్టంలో ఉన్న ఆర్తుడు, తెలుసుకోవాలనుకునే జిజ్ఞాసువు, ఏదో కావాలనుకునే అర్థార్థి, జ్ఞాని. వాళ్ళలో జ్ఞానికి పెద్దపీట వేసినా, ఆ వెంటనే నలుగురూ ఉదారులే అంది. మనమే మిగతా ముగ్గుర్నీ గుమ్మం బయట నిలబెడుతున్నాం. పుర్రెకో బుద్ధి అని పొద్దస్తమానం అంటూనే, భక్తి దగ్గరికొచ్చేసరికి అన్ని పుర్రెల్లోనూ ఒకే బుద్ధి ఉండాలంటాం.

'అయితే ఎవరి స్వభావం వాళ్ళది, ఎవరేం చేసినా ఒకటే' అని కూడా నేననడం లేదు. స్వభావం సాకు కూడా అవుతుంది. 'నేను ఇంట్రోవర్ట్‌ని' అంటూ జబ్బుపడ్డ పక్కింటివాళ్ళని పలకరించకుండా తప్పించుకున్న రోజులు నాకున్నాయి. నా మౌనం నాకు సుఖంగా ఉంటుంది, అందుకే దాని మీద నాకు కొంచెం అనుమానం. అక్కకి పదినిమిషాలు ఒంటరిగా కూర్చోవడం ఎంత కష్టమో, నాకు నలుగురి మధ్య చెయ్యి పట్టుకుని పాడటం అంత కష్టం. ఎవరికి ఏది కష్టమో అందులో కూడా ఏదో ఉండి ఉంటుంది. నెలకోసారి దానితో వెళ్తున్నాను. ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది, గడియారం చూస్తూనే ఉంటాను.

నిన్న అక్కకి ఆ టెస్టు లింకు పంపాను. రాత్రి ఫోన్ చేసింది. "ఏయ్, నాకూ నీ అక్షరాలే వచ్చాయే, మొదటిదొక్కటే వేరు. ఇప్పుడు నాకూ భక్తి లేనట్టేనా?" అంది. తమ్ముణ్ణి అడగమన్నాను. వాడు ఆ మెసేజ్ చూశాడు, జవాబు మాత్రం ఇంకా రాలేదు.