శిష్యుడు వెనక వరుసలో నిలబడవలెను

ఏప్రిల్ 21 దగ్గర పడుతోందంటే, కంపెనీల మాటను పత్రికలకు, జనానికి చేర్చే పౌర సంబంధాల (పీఆర్) వృత్తిలో ఉన్నవాళ్లకు రెండు పనులు గుర్తుకొస్తాయి. శాలువాలకు ఆర్డరివ్వడం ఒకటి, విద్యార్థులను పిలవడం రెండోది. 1958లో పుట్టిన పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా, 1968లో సరిగ్గా ఆ తేదీన ఢిల్లీలో మొదటి అఖిల భారత సదస్సు పెట్టి వృత్తికో నీతి నియమావళిని స్వీకరించింది. అందుకే ఆ రోజును జాతీయ పౌర సంబంధాల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. నియమావళి సంగతి ఎలా ఉన్నా దినోత్సవం మాత్రం క్రమం తప్పలేదు.

ఆ సభల్లో ప్రతి వక్తా తప్పక చెప్పే మాట ఒకటుంది: సీనియర్లు విద్యార్థులకు దారి చూపాలి. చెప్పేది సీనియర్లే, వినేది విద్యార్థులే కనుక ఎవరు ఎవరికి చెబుతున్నారో తేలక పని అక్కడే ఆగిపోతోంది. ఈ లోటు తీర్చడానికి, ఏళ్ల తరబడి అమల్లో ఉండి రాతలోకి మాత్రం ఎక్కని పద్ధతిని ఇక్కడ పెడుతున్నాం. కొత్తగా మెంటార్, అంటే మార్గదర్శి, హోదా దక్కినవారు ఒక ప్రతి దగ్గర ఉంచుకోగలరు.

ముందుగా సభ. రెండు గంటలనుకుందాం. వేదిక మీద తొమ్మిది మంది. అంతకు తగ్గితే ఎవరో ఒకరు అలుగుతారు, పెరిగితే చివరి కుర్చీ కాలు వేదిక దిగుతుంది. ఒక్కొక్కరిని పిలిచి, బొకే ఇచ్చి, కూర్చోబెట్టడానికి మనిషికి రెండు నిమిషాలు, మొత్తం 18. జ్యోతి ప్రజ్వలనకు ఆరు చాలు గానీ ఏసీ గాలికి వత్తి ఆరిపోతుంది కాబట్టి పది. తలా ఏడు నిమిషాల ‘క్లుప్త’ ప్రసంగాలు 63. శాలువా, మెమెంటోలకు మనిషికి రెండున్నర, ఎందుకంటే ఫొటోగ్రాఫర్ ‘సార్, ఇంకొక్కసారి ఇటు’ అనకుండా ఉండడు. అది ఇరవై రెండున్నర. ఇంతవరకూ నూట పదమూడున్నర నిమిషాలు. వందన సమర్పణకు ఐదు, జాతీయ గీతానికి 52 సెకన్లు పోగా విద్యార్థులతో ముఖాముఖికి 38 సెకన్లు మిగులుతాయి. భోజనాల హాలు దాకా నడవడానికి అది సరిపోతుంది.

ఫొటో విషయంలో పొరపాటు జరగరాదు. పత్రికలో రెండు కాలాల ఫొటో వెడల్పు సుమారు 8 సెంటీమీటర్లు. తొమ్మిది మంది పెద్దలు ముందు వరుసలో నిలబడితే మనిషికి తొమ్మిది మిల్లీమీటర్లు కూడా దక్కవు. అలాంటప్పుడు విద్యార్థులు కూడా పక్కన నిలబడితే పెద్దల ముఖాలు కందిగింజలవుతాయి. కనుక శిష్యులు వెనక వరుసలో, ఇద్దరు గురువుల భుజాల మధ్య కనపడీ కనపడనట్టు నిలబడవలెను. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు (డీపీఐ) కావాలి, అంటే ఆ 8 సెంటీమీటర్లకు అడ్డంగా దాదాపు 945 పిక్సెళ్లు. ఫోన్లో తీసినప్పుడు అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. దాన్నే నాలుగు వాట్సాప్ గ్రూపులు తిప్పి, చివరికి ఎవరి స్టేటస్ నుంచో స్క్రీన్‌షాట్ తీసి పంపితే, పత్రికలో వార్తలు దిద్దే డెస్కుకు చేరేసరికి మిగిలేది శాలువా రంగు మాత్రమే. ఫొటోను ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపాలని విద్యార్థికి చెప్పడానికి పది సెకన్లు చాలు. ఆ 38లో పట్టేదే. కానీ పైన చెప్పినట్టు, అప్పటికి అందరూ నడుస్తుంటారు.

ఈ సభ వార్త రాసే భారం విద్యార్థిదే. మార్గదర్శనంలో విద్యార్థి చేతితో జరిగే పని నిజానికి ఇదొక్కటే. దీనికి వ్యాకరణం వేరు. విద్యార్థి మాట్లాడితే ‘అన్నాడు’. లెక్చరరు ‘తెలిపారు’. ప్రిన్సిపాల్ ‘పేర్కొన్నారు’. కంపెనీ అధికారి ‘స్పష్టం చేశారు’. ముఖ్య అతిథి ‘పిలుపునిచ్చారు’. ముఖ్య అతిథికి ఏదైనా పదవి వస్తుందన్న ప్రచారం ఉంటే ‘ఉద్ఘాటించారు’. చివరికి అందరూ చెప్పింది ఒకటే అయినా క్రియాపదం తేడా వస్తే మర్నాడు ఫోన్ వస్తుంది. సబ్ ఎడిటర్ అన్నింటినీ కొట్టేసి ‘అన్నారు’ చేస్తాడు, అది వేరే విషయం.

సబ్ ఎడిటర్ ఇంకో దుర్మార్గం కూడా చేస్తాడు. పేజీలో చోటు తగ్గితే వార్తను కింది నుంచి కోస్తాడు. అందుకే అసలు సంగతి మొదటి రెండు వాక్యాల్లో ఉండాలని ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. మన పద్ధతిలో మొదటి రెండు వాక్యాలు వేదిక మీది తొమ్మిది మంది పేర్లకు, వారి హోదాలకు, మాజీ హోదాలకు రిజర్వు. డెబ్బై మాటలు దాటాక గానీ అక్కడ ఏం జరిగిందో రాదు. ఆ భాగమే డెస్కు కత్తెరకు దొరుకుతుంది. ఫలితంగా అచ్చయ్యే వార్తలో ఎవరెవరు వచ్చారో ఉంటుంది, ఎందుకు వచ్చారో ఉండదు. సభను దగ్గరుండి చూసినవాళ్లు ఇందులో తప్పేమీ పట్టలేరు.

ఫాంటు గురించి ఒక మాట. ఊళ్లో డీటీపీ సెంటర్లో అను ఫాంటులో కొట్టించిన ప్రెస్ నోటును, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు పోయి ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు బారులు తీరతాయి. ఏ కంప్యూటర్లోనైనా తెలుగును తెలుగుగానే చూపే యూనికోడ్ అంటే లెక్కలేని, పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేరులోకి యూనికోడ్‌ను తెచ్చి అతికిస్తే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడతాయి. రెంటికీ భయపడి, లెటర్‌హెడ్డు మీద ప్రింటు తీసి, సంతకం చేయించి, ముద్ర వేసి, దాన్ని ఫొటో తీసి పంపేవారున్నారు. రాత్రి ఎనిమిదింటికి జిల్లా పేజీలు వదిలే తొందరలో దాన్ని చూసి మళ్లీ టైపు కొట్టే పుణ్యాత్ముడు ఏ డెస్కులోనూ లేడు. మెయిల్ బాడీలోనే యూనికోడ్‌లో పాఠం పెట్టి, అక్షరాలు సరిచూసుకోవడానికి పక్కన పీడీఎఫ్ జతచేస్తే సరిపోతుంది. ఇంత చిన్న విషయానికి సర్టిఫికెట్ ఇవ్వలేం కాబట్టి సిలబస్‌లో పెట్టలేదు.

సభ ముగిశాక మార్గదర్శనం వాట్సాప్‌లోకి మారుతుంది. ఒక మెంటార్, నలభై మంది శిష్యులు, ఒక గ్రూపు. ఉదయం పూల బొమ్మతో గురువు శుభోదయం, వెంటనే నలభై దండాలు. సాయంత్రం గురువు ఇంటర్వ్యూ లింకు, మళ్లీ నలభై చప్పట్లు. ఎవరైనా ‘సార్, రిపోర్టర్ ఫోనెత్తకపోతే ఏం చేయాలి?’ అని అడిగితే గ్రూపు అడ్మిన్, విధానపరమైన ప్రశ్నలు సెమినార్‌లో అడగమని సూచించాలి. సెమినార్‌లో ఎన్ని సెకన్లున్నాయో చెప్పుకున్నాం.

ఆ ప్రశ్నకు జవాబు ఇంటర్న్‌షిప్‌లో దొరుకుతుంది, కాస్త కష్టంగా. మొదటి రోజే ఇంటర్న్ చేతిలో మీడియా లిస్టు, అంటే విలేకరుల జాబితా, పెడతారు. ఎక్సెల్ షీటు, మూడు వందల పేర్లు. వారిలో కొందరు బీటు, అంటే వార్తలు రాసే రంగం, మారారు, కొందరు పత్రిక మారారు, కొందరు వృత్తే మారి ఇప్పుడు వేరే కంపెనీకి పీఆర్ చేస్తున్నారు. బిజినెస్ వార్తను క్రైమ్ రిపోర్టర్‌కు పంపి, సాయంత్రం ఆరున్నరకు ఫోన్ చేసి ‘అన్నా, ప్రెస్ నోట్ అందిందా అన్నా, కొంచెం చూడన్నా’ అనడమే ఇంటర్న్ ఉద్యోగం. ఆరున్నరకు ఆ అన్న ఏ పోలీస్ స్టేషన్ ముందో నిలబడి వార్త కొట్టుకుంటుంటాడు. అదే పొద్దున పదీ పదకొండు మధ్య, మీటింగులో ఆ రోజు వార్తల జాబితా ఇచ్చుకోకముందే చేస్తే రెండు నిమిషాలు వింటాడు. ‘అందిందా’ అని కాకుండా ‘దీంట్లో మీ జిల్లా సంగతి ఒకటుంది’ అంటే నాలుగు నిమిషాలు వింటాడు. ఈ రహస్యం బయటపడితే ఇంటర్న్ మూడు వందల ఫోన్లకు బదులు పదిహేనే చేస్తాడు. అప్పుడు క్లయింటుకు చూపించే ‘కాల్ రిపోర్టు’ సన్నబడుతుంది. అందుచేత చెప్పరాదు.

ఇక లెక్కల పాఠం. ఇది మాత్రం ప్రతి మెంటారూ శ్రద్ధగా చెబుతాడు. క్లయింటు వార్త రెండు కాలాల్లో 12 సెంటీమీటర్లు పడిందనుకోండి. స్కేలు పెట్టి కొలిస్తే 8 ఇంటు 12, 96 చదరపు సెంటీమీటర్లు. ఆ పేజీలో ప్రకటన రేటు చదరపు సెంటీమీటరుకు వెయ్యి అనుకుంటే 96 వేలు. ప్రకటన కన్నా వార్తను జనం ఎక్కువ నమ్ముతారు కనుక మూడుతో గుణించాలి: 2 లక్షల 88 వేలు. మూడే ఎందుకు, రెండున్నర ఎందుకు కాదు అని అడిగిన విద్యార్థికి ఈ వృత్తిలో భవిష్యత్తు ఉండదు. దీన్నే ప్రకటన సమాన విలువ అంటారు. పీఆర్ విలువ ఇది కానే కాదని 2010లో పలు దేశాల పీఆర్ కొలమాన నిపుణులు బార్సిలోనాలో కూర్చుని సూత్రాలు రాసుకుని తీర్మానించారు. బార్సిలోనా నుంచి బంజారాహిల్స్‌కు దూరం ఎక్కువ. ఆ క్లిప్పింగులో కంపెనీ మీద వినియోగదారుడి ఫిర్యాదు ఉన్నా, 96 చదరపు సెంటీమీటర్లు 96 చదరపు సెంటీమీటర్లే.

కంపెనీ స్టాక్ మార్కెట్‌లో నమోదైనదైతే జాగ్రత్త మరికొంచెం కావాలి. బోర్డు ఆమోదించిన ఆర్థిక ఫలితాలు ముందు స్టాక్ ఎక్స్ఛేంజీకి చేరాలి, ఆ తర్వాతే పత్రికలకు. ఉత్సాహవంతుడైన ఇంటర్న్ ఎవరైనా బోర్డు మీటింగు నడుస్తుండగానే గ్రూపులో పెట్టేస్తే అది పీఆర్ విభాగం దాటి లీగల్ విభాగం పనవుతుంది. అలా జరిగిననాడు ‘అతను ట్రైనీ’ అనే వివరణ ఇవ్వడానికైనా ట్రైనీలు అవసరం.

సంక్షోభ సమయంలో ఏం చేయాలన్నది మన సిలబస్‌లో చివరి అధ్యాయం, సాధారణంగా సమయం చాలక వదిలేసేది. చెప్పుకోదగ్గది మాత్రం అదే. 1906 అక్టోబరులో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయారు. అప్పటిదాకా రైల్వే కంపెనీల అలవాటు నోరు మూసుకోవడం. ఆ రైలు నడిపిన కంపెనీకి పనిచేస్తున్న ఐవీ లీ అనే మాజీ విలేకరి, తెలిసిన వివరాలతో ప్రకటన రాసి పత్రికలకిచ్చాడు, విలేకరులను ప్రమాద స్థలానికి వెళ్లనిచ్చాడు. మొదటి ప్రెస్ నోటు అదేనని చాలామంది చెబుతారు. అదే ఏడాది ఆయన పత్రికలకు పంపిన సూత్రాల ప్రకటనలో ఇంకో మాట ఉంది: మేం పంపింది మీ ప్రకటనల విభాగానికి వెళ్లాల్సిన సరుకని మీకనిపిస్తే వాడకండి. ఈ వాక్యాన్ని తెలుగు విద్యార్థులకు చెప్పకపోవడమే మేలు. ప్రెస్ నోటును నేరుగా ప్రకటనల విభాగం ద్వారానే పంపే సౌకర్యం ఉన్నచోట అది అనవసర గందరగోళం.

మన పారిశ్రామికవాడల్లో రసాయనాల రియాక్టర్ పేలినప్పుడు జరిగేది వేరు. గేటు మూస్తారు. హైదరాబాద్‌లో పీఆర్ ఏజెన్సీ, ముంబైలో హెడ్డాఫీసు, మధ్యలో లీగల్ టీము, ముగ్గురూ ఒకే నాలుగు వాక్యాలను ఐదు గంటల పాటు దిద్దుతారు. ఈలోగా గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు ‘ఏమో సార్, లోపల ముగ్గురో నలుగురో అంటున్నారు’ అంటాడు. ఆ రోజుకు కంపెనీ అధికార ప్రతినిధి అతనే, టీవీ స్క్రోలింగుల్లో ఎక్కేది అతని అంకే. తొలి గంటలో చెప్పాల్సింది మూడు వాక్యాలు: ఏం జరిగింది, ఇప్పుడు ఏం చేస్తున్నాం, మళ్లీ ఎన్ని గంటలకు మాట్లాడతాం. కారణం ఊహించకూడదు, తప్పు కార్మికుడి మీదికి నెట్టకూడదు, అధికారులు నిర్ధారించేదాకా మృతుల సంఖ్య చెప్పకూడదు, పేర్లు కుటుంబాలకంటే ముందు టీవీకి తెలియకూడదు. అన్నిటికన్నా ముందు, ఆ సెక్యూరిటీ గార్డు చేతిలో ఒక ఫోన్ నంబరున్న చీటీ పెట్టాలి. ఇవన్నీ ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి, స్టాప్‌వాచ్ పెట్టి రాయించి నేర్పవచ్చు. కానీ రియాక్టర్ పేలుళ్ల మీద వర్క్‌షాప్ అంటే స్పాన్సర్ దొరకడు.

పనికొచ్చే పాఠం ఇంకొకటి ఉంది, హెచ్చరికగా మాత్రమే చెబుతున్నాం. విద్యార్థి పంపిన ప్రెస్ నోటును ఒక పక్క, మర్నాడు నాలుగు పత్రికల్లో వచ్చిన క్లిప్పింగులను ఇంకో పక్క పెట్టాలి. డెస్కు ఏ వాక్యం కొట్టేసిందో ఎర్ర పెన్నుతో గీయాలి. నాలుగింటా కొట్టేసిన వాక్యం ఎందుకు రాశావో చెప్పమనాలి. శీర్షిక ఎవరు ఎలా మార్చారో చూపాలి. నలభై నిమిషాల పని. ఖర్చు నాలుగు పేపర్లు, ఒక పెన్ను. పది వారాలు వరసగా చేస్తే విద్యార్థికి మెంటార్ అక్కర్లేకుండా పోతుంది. ప్రమాదం అక్కడే ఉంది. పైగా ఇద్దరు మనుషులు కాగితాల మీద వంగి కూర్చున్న దృశ్యం ఫొటోకు పనికిరాదు, ముఖాలు కనపడవు.

అయినా ఏడాదికొకసారి అనుకోకుండా ఇది జరిగిపోతుంటుంది. దినోత్సవం మర్నాడు పేపరు తెరిచేసరికి రెండు కాలాల ఫొటో కింద క్యాప్షన్‌లో ఎనిమిది పేర్లే ఉంటాయి. ఎడమ నుంచి ఆరో వ్యక్తి మెంటార్ గారు, లేనిది ఆయన పేరే. పదింటికల్లా విద్యార్థికి కబురు వెళుతుంది. అతను ప్రెస్ నోటు, నాలుగు పేపర్లు పట్టుకుని వస్తాడు. మెంటార్ గారు కుర్చీ దగ్గరకు లాక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, తొలిసారిగా, ‘ఇక్కడ కూర్చో. నువ్వు పంపిందేదీ, వాళ్లు వేసిందేదీ? మొదటి లైను నుంచి చదువు’ అంటారు.